కింగ్స్ క్రాస్‌లో వదిలేసిన ఆయా



పసిపిల్లల్ని కొత్తవాళ్ళు ఎత్తుకోబోతే మొహం ముడుచుకుని, తల్లి భుజంలో తల దాచేసుకుని ఏడుపు లంకించుకుంటారు. "పిల్లకి కొత్త చేసిందమ్మా, మీరేం అనుకోకండి" అంటాం మనం. ఈ మాట పిల్లల విషయంలోనే వాడతాం గానీ పెద్దవాళ్ళకి వాడం. పెద్దవాళ్ళకి మాత్రం కొత్త చెయ్యదా? ఇంగ్లీషువాళ్ళు దీనికి కల్చర్ షాక్ అని గంభీరమైన పేరొకటి పెట్టారు. పేరేదైతేనేం, నాకు అరవై రెండో ఏట కొత్త చేసింది. అదీ లండన్ మహానగరంలో, నేల కింద రైలు స్టేషన్‌లో.

2023 అక్టోబరులో మా అమ్మాయి పురిటికి వెళ్ళాను. మీలో ఇలా వెళ్ళి వచ్చినవాళ్ళు చాలామందే వుంటారు. శొంఠీ, వామూ, కారప్పొడీ సర్దుకుని, తూకం ఎక్కువైందని విమానాశ్రయంలో సగం తీసేసి, పక్కనున్నవాళ్ళ సంచిలో కాస్త కుక్కి, అలా వెళ్ళాను. వెళ్ళిన పదో రోజో, పదకొండో రోజో. సాయంత్రం ఆరు గంటలవేళ. కింగ్స్ క్రాస్ అనే స్టేషన్‌లో రైలు మారాలి. అక్కడ ఆరు లైన్లు కలుస్తాయి. మా అమ్మాయికి ఎనిమిదో నెల, మెల్లిగా నడుస్తోంది. రైలు వచ్చింది, తను ఎక్కింది, నా ముందు ఇద్దరు ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి మా అమ్మాయి చెయ్యి ఊపుతూ ఏదో చెబుతోంది. నాకు వినపడలేదు. రైలు వెళ్ళిపోయింది. నా ఫోను తన సంచిలో వుంది. నా చేతిలో వున్నది గొడుగొక్కటే.

మన బెజవాడ స్టేషన్‌లో బిత్తర చూపులు చూస్తూ ఓ ఆడమనిషి రెండు నిమిషాలు నిలబడితే, "ఎక్కడికెళ్ళాలమ్మా?" అని నలుగురడుగుతారు. అడగడమే కాదు, పిల్లలెంతమంది, అబ్బాయి ఏం చేస్తున్నాడు అన్నదాకా వెళుతుంది. అక్కడ వందలమంది నా పక్కనించి వెళ్ళారు. ఒక్కరు నా మొహం చూడలేదు. వాళ్ళు కఠినులని కాదు, ఎదటివాళ్ళ మొహంలోకి చూడకపోవడమే అక్కడి మర్యాదట. ఆ సంగతి తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం నేనసలు అక్కడ వున్నానో లేదో అని నాకే అనుమానం వచ్చింది. చివరికి యూనిఫారంలో వున్న నల్లజాతి స్త్రీ ఒకామె నన్ను చూసి, చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. పది నిమిషాల్లో మా అమ్మాయి తరవాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వచ్చేసింది. పది నిమిషాలే. ఆ రాత్రి మాత్రం అన్నం సహించలేదు.

మా అల్లుడు నన్ను ఊరడించడానికి, "అత్తయ్యగారూ, గాంధీగారంతటాయన కూడా ఈ ఊళ్ళో మొదటి నెల ఏడిచాడు, మీరెంత?" అన్నాడు. అక్కడ పేటపేటకీ లైబ్రరీ వుంటుంది. మర్నాడు రెండు మూడు పుస్తకాలు పట్టుకొచ్చాడు. పురుడయ్యేదాకా, అయిన తరవాత పిల్ల నిద్దరోయినప్పుడూ నేను చదివింది వాటినీ, వాటి వెంబడి తెప్పించుకున్న మరికొన్నిటినీ. వాటిలో నాకు దొరికిన కథే ఇవాళ మీకు చెబుదామని.

ముందు గాంధీగారి సంగతి చూడండి. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడెక్కాడు. అప్పటికాయనకి పంతొమ్మిది నిండలేదు. ఇంట్లో భార్య, నెలల పిల్లాడు. మాంసం, మద్యం, పరస్త్రీ జోలికి పోనని తల్లికి మాటిచ్చి బయల్దేరాడు. సముద్రం దాటుతున్నాడని కులంవాళ్ళు వెలి కూడా వేశారు. నెలాఖరుకి ఇంగ్లండులో దిగాడు. దిగేటప్పుడు మంచి బట్టలు వేసుకోవాలిగదా అని దాచిపెట్టుకున్న తెల్ల ఫ్లానెల్ సూటు తొడుక్కున్నాడు. తీరా దిగి చూస్తే తెల్లబట్టలు వేసుకున్నవాడు తనొక్కడే! పెట్టెలు తాళాలతో సహా ఏజెంటుకి అప్పగించేశాడు. మర్నాడు ఆదివారం, సామాను రాదు. ఆ తెల్లబట్టలతోనే సిగ్గుపడుతూ తిరిగాడు. హోటల్లో ఓ చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. కాసేపు కూర్చోబెడతారు కాబోలు అనుకున్నాడు. తలుపు తీసేసరికి పై అంతస్తులో వున్నాడు. అది లిఫ్టు!

ఆ రాత్రి డాక్టర్ మెహతా అనే గుజరాతీ ఆయన చూడ్డానికొచ్చాడు. ఆయన పట్టు టోపీ నునుపుగా వుందని గాంధీగారు చేత్తో రాసి చూశాడు, అదీ నూగుకి ఎదురుగా. మెహతాకి కోపం వచ్చింది. వెంటనే మొదటి పాఠం చెప్పాడు. ఎవరి వస్తువులూ ముట్టుకోకూడదు. పరిచయం కాగానే మన దేశంలోలాగ ప్రశ్నలు వెయ్యకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. ప్రతివాణ్ణీ నౌకరు యజమానిని పిలిచినట్టు "సర్" అనకూడదు. నన్నెవరూ ఎందుకు పలకరించలేదో ఇది చదివాక బోధపడింది.

తరవాత ఓ విధవరాలి ఇంట్లో గది తీసుకున్నాడు. ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన కూరలు. రొట్టె రెండు ముక్కలకన్న ఎక్కువ అడగడానికి మొహమాటం. ఆవిడ కూతుళ్ళు జాలిపడి ఇంకో ముక్క వేసేవారట. అసలాయన ఆకలికి రొట్టె రొట్టెంతా వుంటేగాని చాలదని వాళ్ళకేం తెలుసు? రాత్రిళ్ళు అమ్మ గుర్తొచ్చి కన్నీళ్ళు కారేవి. రోజూ మైళ్ళకొద్దీ నడిచి శాకాహార భోజనశాల కోసం వెతికాడు. చివరికి ఫారింగ్‌డన్ వీధిలో ఒకటి కనపడింది. ఇంగ్లండు వచ్చాక కడుపునిండా తిన్నది ఆరోజేనని రాసుకున్నాడు.

ఆ రోజుల లండన్ ఎలాంటిదో కొంచెం ఊహించుకోండి. 1881 జనాభా లెక్కల్లో మద్రాసు జనం నాలుగు లక్షలు. లండన్‌లో, చుట్టుపక్కల పేటలు కలుపుకుని, 47 లక్షలు. నేల కింద రైలు 1863లోనే వచ్చింది. ఇప్పటిలాగ కరెంటుది కాదు, బొగ్గు ఇంజనుది. సొరంగమంతా పొగ. పైన గుర్రబ్బళ్ళు, బురద. ఇంటింటా బొగ్గుపొయ్యి, దాంతో చలికాలంలో మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టుకునేంత మంచు, పొగ. మన ఊళ్ళో వీధి అరుగు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు ఫలానావారి అబ్బాయి, ఫలానావారి కోడలు అని తెలుస్తుంది. అక్కడ లక్షలమందిలో నిన్ను ఎరిగినవాడు ఒక్కడుండడు.

గాంధీగారికి మెహతా వున్నాడు. ఇక ఆడవాళ్ళ సంగతేమిటి? నా ఆరా అక్కడ మొదలైంది.

మన తెలుగావిడే ఒకరు కనపడ్డారు. పోతం జానకమ్మగారు, రాఘవయ్యగారి భార్య. 1870లలో ఇంగ్లండు వెళ్ళి వచ్చి, ఆ ప్రయాణం గురించి తెలుగులో రాసి, దాన్ని తనే ఇంగ్లీషులోకి మార్చి "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" అని 1876లో మద్రాసులో అచ్చువేయించారు. గాంధీగారు ఓడెక్కడానికి పన్నెండేళ్ళ ముందన్నమాట! వీరేశలింగంగారి మొదటి వితంతు వివాహానికే ఇంకా అయిదేళ్ళుంది. బళ్ళో మనకెవరూ ఈవిడ పేరు చెప్పలేదు.

ఇంకొకావిడ బెంగాలీ, కృష్ణభావిని దాస్. 1882లో భర్తతో లండన్ వెళ్ళేటప్పటికి ఇరవయ్యేళ్ళయినా నిండలేదు. పరదా దాటని ఇంటి కోడలు. చీర విప్పి గౌనూ బూట్లూ వేసుకుని ప్రయాణమైంది. ఆవిడ పుస్తకం బెంగాలీలో 1885లో కలకత్తాలో వచ్చింది. ఆడవాళ్ళు ఒంటరిగా వీధుల్లో తిరగడం, దుకాణాల్లో పనిచెయ్యడం, చదువుకోవడం చూసి ఆశ్చర్యపోయింది. మన ఆడవాళ్ళకి ఇది ఎందుకు లేదని నిలదీసింది. అలాగని అంతా భేష్ అనలేదు. అక్కడి తాగుడూ, బీదరికమూ కూడా రాసింది. కొత్త చేసిన మనిషి కళ్ళు తెరుచుకుని చూస్తే ఎంత కనపడుతుందో అనిపించింది నాకు.

ఇందులో ఒక బాధ వుంది. వెళ్ళేటప్పుడు చిన్న కూతుర్ని అత్తవారింట వదిలి వెళ్ళింది. తల్లీ తండ్రీ లండన్‌లో వుండగానే ఇక్కడ తాతగారు ఆ పిల్లకి బాల్యంలోనే పెళ్ళి చేసేశారు. ఇంకో సంగతి. ఆ పుస్తకం మీద ఆవిడ పేరు వెయ్యలేదు. రాసింది ఒక వంగ మహిళ అని, అంతే.

వీళ్ళిద్దరూ చదువుకున్నవాళ్ళు, భర్తలతో వెళ్ళినవాళ్ళు. మరి మొత్తం మీద మన దేశంనించి ఆ రోజుల్లో లండన్ వెళ్ళిన ఆడవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? రాణులా? డాక్టరీ చదివేవాళ్ళా? మీరు ఊహించలేరు, నేనూ ఊహించలేదు. ఆయాలు!

ఆయా అన్నమాట మనదనుకుంటాం. ఇవాళ్టికీ బళ్ళో ఆయా వుంటుంది, ఆస్పత్రిలో ఆయా వుంటుంది. నిజానికది పోర్చుగీసు మాట. అలమారా, ఇస్త్రీ, బొత్తాం, తువాలుతోపాటు వచ్చి మనింట్లో కూర్చుంది. దొరల ఇళ్ళల్లో పిల్లల్ని పెంచే దాదికి ఆ పేరు. దొరసాని పిల్లల్తో స్వదేశం వెళ్ళాలంటే, సూయజ్ కాలవ తవ్వకముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు తెరచాప ఓడ. 1869లో కాలవ తెరిచాక కూడా మూడు నాలుగు వారాలు. ఆ ఊగే ఓడలో దొరసానికి వాంతులు, పిల్లలకి జ్వరాలు. ఇవన్నీ చూడ్డానికి ఆయాని వెంట తీసుకెళ్ళేవారు. ఇది కొత్త సంగతీ కాదు. రేనాల్డ్స్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు 1765 ప్రాంతంలో ఒక కుటుంబాన్ని చిత్రించాడు, జార్జి క్లైవ్ అనే ఆయన్నీ, భార్యనీ, కూతుర్నీ. మన చరిత్ర పుస్తకంలోని క్లైవుకి ఈయన దాయాది. ఆ బొమ్మలో చిన్నపిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని వున్నది భారతీయ దాది. తక్కినవాళ్ళ పేర్లు తెలుసు. ఆమె పేరు తెలీదు.

పేరు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఓడ ప్రయాణీకుల జాబితాల్లో దొర, దొరసాని, పిల్లల పేర్లు వుంటాయి. ఆ కింద చాలాచోట్ల "ఆయా" అని వుంటుంది, లేకపోతే ఫలానావారి ఆయా అని. తల్లిదండ్రులు పెట్టిన పేరు రాయడం దండగనుకున్నారు. మనకీ కొంచెం అలవాటైన విషయమే లెండి. శుభలేఖ మీద ఫలానావారి ధర్మపత్ని అని వేసి వూరుకున్న ఇళ్ళు మీరూ చూసేవుంటారు.

ఇలా వెళ్ళినవాళ్ళలో చాలామంది మద్రాసు ఆయాలు. ఇంగ్లీషు వస్తుందనీ, శుభ్రంగా వుంటారనీ మద్రాసు ఆయాకి దొరసానుల్లో గిరాకీ. క్రైస్తవులూ, ముస్లిములూ, సముద్రం దాటితే వెలివేసేవాళ్ళు లేని కులాలవాళ్ళూ. మద్రాసు రాజధాని అంటే అప్పట్లో సగం తెలుగుదేశం గనక, వాళ్ళలో తెలుగువాళ్ళు లేరని నేననుకోను. వాళ్ళూ లండన్ వీధుల్ని చూశారు. చలికి వణికారు. తిండి సహించక పస్తులున్నారు. కాని జానకమ్మగారిలాగా, గాంధీగారిలాగా రాసుకోడానికి వాళ్ళకి అక్షరం లేదు. వాళ్ళకి కొత్త చేసినప్పుడు ఏమనిపించిందో మనకెప్పటికీ తెలీదు.

ఓడ రేవులో ఆగుతుంది. దొరసాని పుట్టింటికి వెళ్ళిపోతుంది. అక్కడ ఇంగ్లీషు దాది చవగ్గా దొరుకుతుంది. ఆయాతో పని అయిపోయింది! తిరుగు టిక్కెట్టు ఇస్తామని మాటిచ్చి తీసుకొచ్చినవాళ్ళు కొందరు ఇచ్చారు. కొందరు చేతిలో నాలుగు డబ్బులు పెట్టి వదిలేశారు. కంపెనీ కాలంలో, నౌకర్లని తీసుకెళ్ళే దొరలు వాళ్ళని తిప్పి పంపుతామని పూచీ ఇవ్వాలని నియమం వుండేది. నియమం కాగితం మీద వుండేది. 1850ల్లో తూర్పు లండన్ రేవు పేటల్లో, రాట్‌క్లిఫ్ హైవే అని ఒక పేరుమోసిన వీధి, అక్కడి మురికి బసల్లో ఇలా చిక్కుబడ్డ ఆయాలు కిక్కిరిసి వున్నారని చూసినవాళ్ళు రాశారు. ఎక్కడో విజయనగరంనించో, వెల్లూరునించో వచ్చిన మనిషి. ఇంటికి వెళ్ళడానికి ఒకటే దారి, ఇండియా వెళ్ళే మరో దొరసాని తనని పన్లోకి పెట్టుకోవాలి. ఆ దొరసాని ఎక్కడుందో తెలిసేదెలా? అంతపెద్ద ఊళ్ళో!

దీనికి ఒక ఏర్పాటు వచ్చింది. ఆయాల ఇల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ ఆల్డ్‌గేట్ పేటలో వుండేది. తరవాత లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సంస్థ చేతికి వచ్చి, 1900లో హాక్నీ అనే పేటలో 26, కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డుకి మారింది. ముప్పై గదుల ఇల్లు. ఏడాదికి వందమంది దాకా ఆయాలు వచ్చి వుండేవాళ్ళు. మన దేశంవాళ్ళే కాదు, చైనా దాదులు కూడా. ఆ ఇల్లు నడిచే పద్ధతి తమాషాగా వుంటుంది వినండి. దొరసాని ఆయాని అక్కడ దింపి, ఆవిడ తిరుగు టిక్కెట్టు ఇంటి మేట్రన్‌కి ఇచ్చి వెళుతుంది. ఇండియా వెళ్ళే ఇంకో దొరసానికి దారిలో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. ఆవిడ వచ్చి ఆ టిక్కెట్టు కొనుక్కుంటుంది. ఆ డబ్బుతో ఆయా అన్నాళ్ళు వున్న ఖర్చు గడిచిపోతుంది. ఇక ఆయా కొత్త పిల్లల్ని చంకనెత్తుకుని ఓడెక్కుతుంది.

మంచి ఏర్పాటే, కాదనను. ఆ ఇల్లు లేకపోతే ఎంతమంది వీధిన పడేవారో. అందులో పనిచేసినవాళ్ళు దయగలవాళ్ళే. అయితే నాకు ఒకటి అనిపిస్తుంది. తిరుగు టిక్కెట్టు ఆమెదే అయినా ఆ టిక్కెట్టు మీద ఊరికే కూర్చుని, సముద్రం చూసుకుంటూ, హాయిగా ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు. వెళ్ళేటప్పుడూ ఒళ్ళో బిడ్డ వుండాల్సిందే. అలా యాభైనాలుగు సార్లు సముద్రం దాటిన ఆయా ఒకామె వుంది, ఆంటొనీ పెరీరా అని. పేరు నిలిచిన కొద్దిమందిలో ఆవిడొకరు. యాభైనాలుగు ప్రయాణాలు! ఇవాళ విమానంలో ఒక్కసారి వెళ్ళొచ్చి మోకాళ్ళు పట్టేశాయని వారం పడుకున్నాను నేను.

ఆ ఇంట్లో తీసిన పాత ఫోటో ఒకటి చూశాను. ముందుగదిలో బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని వున్నారు. కొందరు కుట్టుపని చేసుకుంటున్నారు. గోడలకి ఇంగ్లీషు పటాలు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, అప్పటి ఫోటోల్లో ఎవరూ నవ్వరనుకోండి. నేను వాళ్ళ చీరకట్టు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. మా అమ్మమ్మ పాతపెట్టెలో ఫోటోలాగే వుంది.

ఇప్పుడు కింగ్స్ క్రాస్ కథ.

1908లో ఒక కుటుంబం ఒక ఆయాని బొంబాయినించి లండన్ తీసుకొచ్చింది. వచ్చాక వాళ్ళకి ఆవిడతో పని తీరిపోయింది. ఇంకో కుటుంబానికి అప్పగించారు. వాళ్ళు ఆవిణ్ణి స్కాట్లండు తీసుకెళ్ళారు. అక్కడ రెండు వారాలు. తరవాత మళ్ళీ లండన్. స్కాట్లండునించి వచ్చే రైళ్ళు కొన్ని ఆగేది కింగ్స్ క్రాస్‌లో. 1852లో కట్టిన పెద్ద స్టేషను. నేను నిలబడ్డ ప్లాట్‌ఫారం నేల కింద, ఆవిడ దిగింది పైన. అక్కడ ఆవిడ చేతిలో ఒక పౌను పెట్టారు, అప్పటి లెక్కలో పదిహేను రూపాయలు. పెట్టి వెళ్ళిపోయారు.

అంతే కథ. పుస్తకంలో నాలుగు వాక్యాలు.

ఆ నాలుగు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నాకు పది నిమిషాలు. నాకు మళ్ళీ వెనక్కి వచ్చే కూతురుంది. పెట్టెలో పాస్‌పోర్టుంది, తిరుగు టిక్కెట్టుంది, ఎదుటివాళ్ళు అడిగితే చెప్పడానికి నాలుగు ముక్కల ఇంగ్లీషుంది. అయినా కాళ్ళు వణికాయి. ఆవిడకి ఏముంది? ఆ రైలు కూతలు, ఆ పొగ, తోసుకుంటూ వెళ్ళే జనం. ఎటు వెళ్ళాలి? పొద్దుగూకితే ఎక్కడ పడుకోవాలి? చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినవాళ్ళు ఎవరైనా వున్నారా? వుండే వుంటారనుకుంటేగాని నాకు నిద్రపట్టలేదు. ఏమైతేనేం, ఆవిడ ఆయాల ఇంటికి చేరుకుంది. కష్టాల్లో చిక్కుకున్న ఇండియావాళ్ళ గురించీ, ఇతర వలసరాజ్యాలవాళ్ళ గురించీ విచారించడానికి అప్పట్లో బ్రిటిషు ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1910లో దాని నివేదిక వచ్చింది. దాని ముందు ఆ ఇంటి మేట్రన్ సాక్ష్యం చెప్పింది కనకనే ఇలాంటివి మనకి తెలిశాయి. సర్కారు మాత్రం, ఇది దొరలకీ నౌకర్లకీ మధ్య సొంత ఒప్పందం, మా బాధ్యత కాదు అనే ధోరణిలోనే వుండిపోయింది.

ఆ దొరసాని రాక్షసి అని నేననను. ఆవిడా పిల్లల తల్లే. ఇంట్లో పనివాళ్ళు వున్న మనందరం ఒకసారి తడుముకోవలసిన సంగతి ఇది. పసిపిల్లని రాత్రింబవళ్ళు ఒళ్ళో పెట్టుకు చూసిన మనిషి, నీ బిడ్డ జ్వరానికి నీకంటే ముందు మేలుకున్న మనిషి, స్టేషన్‌లో వదిలేసి వెనక్కి చూడకుండా ఎలా నడిచింది? ఆ పిల్లలైనా ఏడిచి వుంటారు. పిల్లలకి ఆయా కొత్త కాదుగా.

1914 యుద్ధం వచ్చినప్పుడు ఓడ ప్రయాణాలు ప్రమాదమై ఎందరో ఆయాలు అక్కడే నిలిచిపోయారు. 1921లో ఆ ఇల్లు అదే వీధిలో నాలుగో నెంబరుకి మారింది. రెండో యుద్ధం, ఆ తరవాత మన స్వాతంత్ర్యం, దొరలు ఇల్లు చేరుకోవడం. ఇక ఆ ఇంటితో పని లేకపోయింది. అందరూ మరిచిపోయారు. 1986లో రోజినా విస్రాం అనే చరిత్రకారిణి పాత కాగితాలన్నీ గాలించి, ఆయాలు, లాస్కర్లు, రాజకుమారులు అని ఇంగ్లీషులో పుస్తకం రాసేదాకా వీళ్ళని పట్టించుకున్న చరిత్ర పుస్తకాలు అరుదు. లాస్కర్లంటే ఓడల్లో కూలికి పనిచేసిన మన కళాసులు. వాళ్ళకి 1857లోనే లైమ్‌హౌస్ పేటలో ఒక ఆశ్రయం కట్టారు. దాని కథ వేరే, ఇంకోసారి చెప్పుకుందాం.

2022లో ఆ 26వ నెంబరు ఇంటి గోడకి నీలం రంగు గుండ్రటి ఫలకం పెట్టారు. పేరున్న మనుషులు నివసించిన ఇళ్ళకి లండన్‌లో అలా పెడతారు. పేరు తెలియని మనుషులకీ ఒకటి పెట్టారన్నమాట. దానికోసం పట్టుపట్టి తిరిగింది తూర్పు లండన్‌లో వుండే భారతీయ సంతతి అమ్మాయి ఒకామె.

మనవరాలికి మూడో నెల రాగానే, ఒకరోజు ఎండ కాస్తే, మా అమ్మాయి చంటిదాన్ని తోపుడుబండిలో పడుకోబెట్టింది. ముగ్గురం హాక్నీ వెళ్ళాం. మేర్ స్ట్రీట్‌లో బస్సు దిగితే దగ్గరే. ఎవరో కాపురం వున్న ఇల్లు, లోపలికి వెళ్ళడానికి లేదు. ఎదర పేవ్‌మెంటు మీద నిలబడి చూశాం. ఇటుకల ఇల్లు, పెద్ద కిటికీలు. దారినపోయే ఒక ముసలాయన, మేం ఫలకంకేసి చూస్తుంటే, ఆగి తనూ చదివాడు. ఏమీ అనలేదు. టోపీ సవరించుకుని వెళ్ళిపోయాడు. చంటిది లేచి ఏడుపు మొదలుపెడితే తీసి భుజాన వేసుకున్నాను. "అమ్మా, చలి, ఇక పోదాం పద" అంది మా అమ్మాయి. "కాస్తాగవే" అన్నాను.

ఆరో నెల నిండుతుండగా నా వీసా గడువు అయిపోయింది. అప్పటికి చంటిది నా గొంతు వింటేగాని నిద్దరోదు. వాళ్ళమ్మ చేతిలో పెట్టి వచ్చాను. ఇక్కడికొచ్చిన నెల్లాళ్ళకి ఫోనులో వీడియో కలిపి, "అమ్మమ్మని చూడవే" అని మా అమ్మాయి దాన్ని నా ఎదురుగా కూర్చోబెట్టింది. అది కాసేపు కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తరవాత మొహం తిప్పేసుకుని తల్లి భుజంలో దాచుకుంది.

"కొత్త చేసిందమ్మా, నువ్వేం అనుకోకు" అంది మా అమ్మాయి.